గోడకు అవతల బంతి

ఆ చప్పుడు మాది కాదు. మా పిల్లలు బంతిని అలా తన్నరు, అలా తన్నవద్దని రెండేళ్ళుగా నేర్పాను, కాబట్టి తలుపు విరిగి పడ్డట్టు ఇప్పుడు వినిపించింది అవతలి జట్టు పిల్ల కాలే అయి ఉండాలి, అయి తీరాలి, అని నాకు నేనే నచ్చజెప్పుకుంటూ ఈ సామాన్ల గదిలో సున్నం బస్తా మీద కూర్చున్నాను, కూర్చోలేక లేచాను, లేస్తే తల పైకప్పుకు తగులుతుంది కనుక మళ్ళీ కూర్చున్నాను. గ్యాలరీ మెట్ల అడుగు భాగమే ఈ గదికి పైకప్పు. అది మెట్లు మెట్లుగా దిగివచ్చి మైదానం వైపు గోడ దగ్గర మోకాలెత్తున ఆగిపోతుంది; పైన జనం లేచినప్పుడల్లా ఉరుముతుంది, కూర్చున్నప్పుడల్లా దుమ్ము రాలుస్తుంది. పక్క గోడకు, బాగా ఎత్తున, మసక అద్దం బిగించిన వెంటిలేటరు ఒకటి ఉంది. అద్దం పగిలిన మూలలోంచి ఆకాశం ముక్క వస్తుంది, శబ్దాలన్నీ వస్తాయి. చూడడానికి ఏమీ లేదు, వినడానికి కావలసినంత ఉంది. శిక్ష వేసినవాళ్ళు ఈ సంగతి ఆలోచించి ఉండరు. మనిషికి చెవులు కూడా ఉంటాయని తట్టేంత ఊహ ఉన్నవాళ్ళు కారు. ఉత్తర్వులో ఉన్నది ఇంతే: బాలికల జట్టు శిక్షకురాలు ఒక ఆట ముగిసేవరకు మైదానం కనిపించే చోట ఉండరాదు, జట్టుకు ఏ విధంగానూ మాట పంపరాదు. నేను చేసిన నేరం, ఆట నడుస్తుండగా అనుమతి లేకుండా గీత దాటి మైదానంలోకి నడవడం. పరుగెత్తానని రాశారు. అది అబద్ధం. ఈ మోకాళ్ళతో నేను పరుగెత్తి చాలాకాలమైంది.

ఇదిగో, ఇది మాది. తప్. కొంచెం ఆగి, తప్. పాదం లోపలి అంచుతో ఇచ్చిన పాస్‌కు చప్పుడు వేరు, మడిచిన తువ్వాలును బల్ల మీద పెట్టినట్టుంటుంది, వినేవాడికి ఏమీ జరగలేదనిపిస్తుంది, అసలు జరిగేదంతా అందులోనే ఉంటుంది. మొదటిది గొళ్ళెం ఇచ్చి ఉంటుంది. గొళ్ళెం అంటే మా గోల్‌కీపరు, పిల్లలు పెట్టుకున్న పేరు అది. రెండోది నత్త అందుకుని ఉంటుంది. నత్త మా వెనక వరుసలో నడిమి పిల్ల, మా మరిది మనవరాలు, అంటే నాకూ మనవరాలే, ఇంట్లో నన్ను పెద్ద నానమ్మా అంటుంది, ఇక్కడ మేడమ్ అంటుంది. నిదానస్తురాలని దాన్ని నత్త అన్నారు, అది కాదనలేదు. మా పద్ధతి చెప్పడానికి సులువైనదే. గోల్‌కీపరు చేతిలో బంతి ఉంటే దాన్ని ఆకాశంలోకి తన్ని అవతలి కొసన పడేలా చేయదు, దగ్గరున్న పిల్లకు నేల మీదుగా ఇస్తుంది. అవతలివాళ్ళు మీదికి వస్తారు. రానివ్వాలి. వచ్చినవాళ్ళు తాము నిలబడ్డ చోటు వదిలి వస్తారు కదా, ఆ వదిలిన చోటు ఖాళీ అవుతుంది కదా, ఆ ఖాళీలోకి ఇంకొక పిల్ల నడుస్తుంది, బంతి ఆమెకు చేరుతుంది, అలా వెనక నుంచి ఒక్కొక్క గది తలుపు తీసుకుంటూ ఇల్లంతా దాటి ముందు వాకిట్లోకి వస్తాం. భయపడి వదిలించుకునేవాళ్ళకు ఆ ఖాళీ కనిపించదు. ఇది నేను కనిపెట్టింది కాదు. నేను లెక్కల టీచరును. బాలికల జట్టుకు తోడుగా ఒక ఆడమనిషి ఉండాలని నిబంధన వచ్చినప్పుడు, ఆట తెలుసా అని ఒక్కరూ అడగకుండా, కుర్చీలో కూర్చుంటే చాలు వదినా అని మరిది నన్ను తెచ్చి కూర్చోబెట్టాడు. కూర్చున్నాను. కూర్చుని చదివాను. దొరికిన పుస్తకమల్లా చదివి, కోణాలు గీసుకుని, తెలియనివి మళ్ళీ చదివి, ఒకరోజు కుర్చీలోంచి లేచాను. అప్పటి నుంచి ఈ క్లబ్బులో మగవాళ్ళు దీన్ని పుస్తకం ఫుట్‌బాల్ అంటారు. పుస్తకం అనే మాటను తిట్టుగా వాడగల మనుషులతో వాదన పెట్టుకోవడం నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే మానేశాను.

పైన ఎవరో కాళ్ళు ఆడిస్తున్నారు, తాపీగా, మడమతో మెట్టును తడుతూ, ఆపమని కేకేయాలని ఉంది, కేకేస్తే అది మాట పంపడం కిందికి వస్తుందేమో. తప్, తప్, ఆ తరువాత ఏమీ లేదు. ఈ ఏమీ లేకపోవడం ఏమిటి? బంతి బయటికి పోయిందా, ఎవరైనా పడ్డారా, లేక నత్త కాళ్ళ దగ్గర ఆగిందా? పోయిన ఆదివారం కూడా ఇలాగే ఒక నిశ్శబ్దం వచ్చింది, అప్పుడు నేను చూస్తూనే ఉన్నాను. అవతలి జట్టు పిల్లలు ఇద్దరు మీదికి వస్తున్నారు, నత్త తిరిగి చూడకుండా మడమ మీద తిరిగి బంతిని వెనక్కి ఇచ్చింది, చక్కగా, బలం సరిపోయేలా, నేల అంటుకుని పోయేలా, గొళ్ళెం ఎప్పుడూ నిలబడే చోటికి ఇచ్చింది. గొళ్ళెం అక్కడ లేదు. రెండో పక్కకు జరిగి చేయెత్తి అడుగుతోంది. బంతి ఎవరూ లేని గోల్‌లోకి, తొందర లేకుండా, తన ఇంటికి తాను వెళుతున్నట్టు వెళ్ళింది. మా గోల్‌లోకి మా బంతి. గ్యాలరీ నవ్వింది. పెద్దవాళ్ళు నవ్వారు, పిల్లల తల్లిదండ్రులు, టిఫిను డబ్బాలు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు. నత్త వెళ్ళి గోల్‌పోస్టు పక్కన కూలబడి మోకాళ్ళలో మొహం దాచుకుంది. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని, లే పాపా లే, అంటున్నాడే తప్ప దానికి కాసేపు టైమివ్వలేదు, అవతలివాళ్ళు నడిమి గీత దగ్గర నిలబడి చప్పట్లు కొడుతున్నారు. నేను గీత దాటాను. ఆ కుర్రాడు, నా మనవడి వయసువాడు, పెద్దమ్మగారూ, మీరెళ్ళి నీడలో కూర్చోండి, అన్నాడు. నీ పని నువ్వు చేస్తే నేను కూర్చునేదాన్ని నాయనా, అన్నాను. నత్త దగ్గరికి వెళ్ళి, నీ పాస్‌లో తప్పు లేదు, ఇచ్చేముందు చూడలేదు, అంతే, లే, అన్నాను. అంతకంటే దయగల వాక్యం నాకు తెలియదు. అయ్యో తల్లీ, ఏం కాదులే అని ఉంటే, జరిగింది ఎంత పెద్దదో దానికి ఇంకా బాగా తెలిసేది.

ఆ మర్నాడు కొలత టేపు తీసుకుని యార్డుకు వెళ్ళాను. యార్డు అంటే మా మరిది లారీలు నిలిపే చోటు. మేము సాధన చేసేది అక్కడే, ఎందుకంటే మైదానం ప్రతి సాయంత్రం మగపిల్లలది. ఎందుకు ప్రతి సాయంత్రం అని అడిగితే, వాళ్ళకు పోటీలున్నాయి అన్నారు, మాకూ ఉన్నాయి అంటే నవ్వారు. యార్డులో గోల్‌పోస్టులు లేవు. గోడౌను షట్టరుకూ నీళ్ళ ట్యాంకుకూ మధ్య ఉన్న గోడ ఎంత వెడల్పో మా గోల్ అంత, దాని మీద తెల్ల రంగుతో రెండు నిలువు గీతలు. అసలు గోల్ దానికి రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. పాస్ అడిగేటప్పుడు గోల్‌కు ఎదురుగా నిలబడకు, పోస్టుకు బయటగా జరిగి అడుగు, గురి తప్పినా బంతి బయటికే పోతుంది అని గొళ్ళేనికి నేర్పింది నేను, ఆ చోటికే ఇమ్మని నత్తకు నేర్పింది నేను. గోడ మీద ఏది పోస్టుకు బయటో, మైదానంలో అదే పోస్టుకు లోపల. కొలిచి చూస్తే లెక్క అక్షరాలా సరిపోయింది. ఆ పిల్ల తాను నేర్చుకున్న చోటికి, నేర్చుకున్నట్టే ఇచ్చింది. నేర్చుకోవడానికి మేము దానికి ఇచ్చిన నేలే పొట్టిది. ఈ మాట క్లబ్బు కమిటీకి చెబితే, అయితే గోడ తప్పంటారా అని అడిగారు. గోడది తప్పు ఎలా అవుతుంది? అక్కడికి తోలినవాళ్ళది. నత్తకు కూడా చెప్పాను, టేపు పట్టుకోమని దాని చేతికే ఇచ్చి చూపించాను, పొంగిపోతుందనుకున్నాను. అది టేపు చుట్టి నాకు ఇచ్చేసి, గీత తప్పే పెద్ద నానమ్మా, కానీ నేను చూడలేదు కదా, చూసుంటే గీత ఎక్కడున్నా పర్లేదు, అంది. ఆ తరువాత అంది: ఈ ఒక్క ఆట ఆడతాను, మళ్ళీ అలా అయితే ఇంక రాను. ఏడ్చి అని ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాను. ఏడవకుండా అంది.

ఉరిమింది. పైకప్పంతా ఒక్కసారి కదిలి దుమ్ము నా కళ్ళజోడు మీద పడింది, కానీ ఇది మా ఉరుము కాదు, లేచిన కాళ్ళు కుడి వైపువి, అటు అవతలి ఊరివాళ్ళు కూర్చుంటారు. గోల్. మా మీద. ఎవరు, ఎలా, ఎవరి కాలి నుంచి? విజిల్ మోగింది, నడిమి నుంచి మళ్ళీ మొదలు, ఎవరూ నవ్వలేదు, నవ్వలేదు కనుక అలాంటి గోల్ కాదు, లేక నవ్వారేమో, నా మీది దుమ్ము దులుపుకునే చప్పుడులో వినపడలేదేమో. కళ్ళజోడు తుడుచుకుంటే మరింత మసకైంది. ఈ గదిలో చూడడానికి ఏముంది గనుక. చిక్కుపడ్డ వలలు, గాలి పోయిన బంతులు, మగపిల్లల పేర్లు రాసిన బూట్ల అర. మా పిల్లలకు అర లేదు, వాళ్ళ బూట్లు వాళ్ళ సంచుల్లోనే ఇళ్ళకు పోతాయి. గోడకు అవతల మరిది గొంతు లేచింది, అంత దూరం నుంచీ గుర్తుపట్టగలను, జీవితమంతా లారీలకు సైగలు చేసిన గొంతు అది: కొట్టెయ్! కొట్టెయ్! అతని లెక్కలో బంతి సరుకు. సరుకు గోడౌన్లో పడి ఉంటే నష్టం, బండి కదలాలి, అవతలి కొసన దిగాలి, దిగాక అది ఎవరి చేతిలో పడిందన్నది వేరే శాఖవాళ్ళ సంగతి. అతని వెనకే తల్లుల గొంతులు: వదిలెయ్ అమ్మా, నీ దగ్గర ఉంచుకోకు, ఇచ్చెయ్! ఎక్కడ విన్నాను ఈ మాట, ఎక్కడ వినలేదు? జీతం చేతికొస్తే ఇచ్చెయ్, నీ దగ్గర ఉంచుకోకు. ఇంటి కాగితాలు నీకెందుకు, ఇచ్చెయ్. అభిప్రాయం ఉంటే నీ దగ్గరే, అబ్బే, అది మాత్రం నీ దగ్గర కూడా ఉంచుకోకు. ఆడపిల్ల దగ్గర ఏదైనా కాసేపు నిలిస్తే చూసేవాళ్ళకు గుండె దడ. ఇంటినిండా ఉన్న మగవాళ్ళు ఎవరి వస్తువు ఎక్కడ పెట్టారో వాళ్ళకే తెలియకపోయినా ఎవరికీ దడ రాదు. కాళ్ళ దగ్గర బంతిని నిలుపుకుని, తల ఎత్తి, ఎవరికివ్వాలో తానే నిర్ణయించుకునే పిల్లను చూసి భరించలేకే ఆ కేకలన్నీ అని నేను ఒకసారి కమిటీలో అన్నాను. వదినగారు ఎక్కడినుంచి ఎక్కడికో వెళ్ళిపోతారు, అన్నారు. ఎక్కడికీ వెళ్ళలేదు. అక్కడే ఉన్నాను.

హాఫ్ టైమ్ విజిల్ మోగిన కాసేపటికి తలుపు తట్టకుండా తోసుకుని మరిది వచ్చాడు. నేను ఆ ఇంటికి వచ్చేనాటికి నిక్కరు వేసుకుని తిరిగేవాడు, జ్యామితి అంటే జ్వరం తెచ్చుకునేవాడు, చెవి మెలిపెట్టి నేనే గట్టెక్కించాను. ఇప్పుడు క్లబ్బు అధ్యక్షుడు. నా బదులు గీత పక్కన నిలబడ్డది అతనే. వంగి లోపలికి వస్తూ నుదురు మెట్టుకు కొట్టుకున్నాడు.

"వదినా, మీకో దణ్ణం. మీ పిల్లలు నా మాట వినట్లేదు."

"ఎవరి మాటా వినొద్దనే నేర్పాను. చూసి ఆడమన్నాను."

"చూస్తున్నారు! చూస్తూ కూర్చున్నారు. అవతలివాళ్ళు మీదపడుతుంటే మనవాళ్ళు బంతిని ఒళ్ళో పెట్టుకుని జోల పాడుతున్నారు."

"గోల్ ఎలా పడింది?"

"కార్నర్ కొట్టారు. ఎవరి తలకో తగిలి లోపలికి పోయింది."

"వాళ్ళకు కార్నర్ ఎలా వచ్చింది?"

అతను నుదురు రుద్దుకున్నాడు, అవసరమైనదానికంటే ఎక్కువసేపు. "నేనే... మొదట్లో కొట్టమన్నాను. అరిచి అరిచి చెబితే గొళ్ళెం ఒక్కసారి కొట్టింది. సగం దూరం కూడా పోలేదు, నేరుగా వాళ్ళ కాళ్ళకే దొరికింది. అప్పట్నుంచి మన సగంలోనే తిష్ట వేశారు."

అంటే ఆ మొదటి చప్పుడు మాదే. నేను నచ్చజెప్పుకున్నదంతా ఒట్టిదే. "నత్త ఎలా ఉంది?" అని అడిగాను.

"దాని పేరు నత్త కాదు వదినా."

"ఎలా ఉంది?"

"వణుకుతోంది. నిజంగా. నీళ్ళ సీసా మూత తీయలేకపోయింది, నేను తీసిచ్చాను. దించేస్తాను."

"దించమని అదడిగిందా?"

"అదెప్పుడు నోరు తెరిచింది? మీ పోలికే. కాదు, మీరు నోరు మూసుకుని ఉన్నప్పటి పోలిక." మళ్ళీ చేతులు జోడించాడు, ఈసారి వేళాకోళం లేదు. "ఒక్క మాట పంపండి. గట్టిగా కొట్టేయండి పర్లేదు అని మేడమ్ అన్నారంటే చాలు, వాళ్ళు కొడతారు. దాని ప్రాణం కుదుటపడుతుంది. మీ పేరు చెబితేనే వింటారు, నాకు తెలుసు, ఒప్పుకుంటున్నాను, ఇంకేం కావాలి మీకు?"

"నేను మాట పంపకూడదు. ఉత్తర్వు కింద సంతకం నీదే."

"ఇప్పుడు గుర్తొచ్చిందా మీకు చట్టం!"

"నాకెప్పుడూ గుర్తే. పరుగెత్తానని రాసినప్పుడు నీకు గుర్తు లేదు."

అతను సున్నం బస్తా అంచున నా పక్కనే కూర్చున్నాడు. ఖరీదైన ప్యాంటు తెల్లబడింది. "అది మళ్ళీ అలాంటి గోల్ వేసుకుంటే," అన్నాడు, "ఆ మొహం నేను చూడలేను వదినా. వారం రోజులు అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంది. మీరు చూడగలరేమో. మీది రాతి గుండె."

"దించితే దించు," అన్నాను. "కానీ ఎందుకో దానికి నువ్వే చెప్పాలి. అలిసిపోయావని చెప్పకు, అబద్ధం పట్టేస్తుంది. తాతయ్యకు భయమేసింది అని చెప్పు."

వెళ్ళిపోయాడు. దించుతానని అనలేదు, దించనని అనలేదు. మళ్ళీ విజిల్ మోగింది. నత్త మైదానంలో ఉందో, గీత బయట బెంచీ మీద తువ్వాలు కప్పుకుని ఉందో నాకు తెలియదు.

తెలియకపోవడం అనేదాన్ని నేను పిల్లలకు ఒక విలువగా బోధించినదాన్ని, తెలియనిదాన్ని ఒక అక్షరంతో రాసుకుని ముందుకు నడవమని చెప్పినదాన్ని, ఇప్పుడు నా తెలియనిది గోడకు అవతల పదమూడేళ్ళ వయసుతో వణుకుతోంది, నేను ముందుకు నడవలేకపోతున్నాను, ఈ గదిలో మూడడుగులు వేస్తే తల వంచాలి. తప్. ఇది ఎవరు? కుడి పక్క పిల్లది, కాలు కొంచెం బరువు. మళ్ళీ నిశ్శబ్దం. అతను అన్నదాంట్లో ఒక ముక్క నన్ను వదలడం లేదు, రాతి గుండె కాదు, అది చాలామంది అన్నారు, అరిగిపోయింది. నీళ్ళ సీసా మూత. మూత తీయలేని చేతులున్న పిల్ల కాళ్ళ దగ్గర నేను బంతి పెట్టి, రానివ్వు, మీదికి రానివ్వు అంటున్నాను. ఎవరి కోసం? ఆ పిల్ల కోసమా, కమిటీలో నా వాదన కోసమా? గెలవని వాదనను ఇంకొకరి కాళ్ళతో గెలవాలనుకునే పెద్దవాళ్ళను నేను చాలామందిని చూశాను, వాళ్ళను అసహ్యించుకున్నాను, వాళ్ళెవరికీ తాము ఆ పని చేస్తున్నట్టు తెలిసి ఉండదు. అయితే కొట్టమను, ఒక్క మాటే కదా, వెంటిలేటరు దగ్గరికి బస్తా జరుపుకుని నిలబడి అరిస్తే వినబడుతుంది, శిక్ష ఇంకొక ఆటకు పొడిగిస్తారు, పొడిగించనీ. లేచాను. బస్తా మీద చెయ్యి వేశాను. ఇంతలో అద్దం గుర్తొచ్చింది, ఎందుకో, మరిది వాళ్ళు ఇల్లు మారినప్పటి నిలువుటద్దం. లారీ ఇంటి ముందు నిలబడి ఉంది, త్వరగా త్వరగా అని అతను అరుస్తున్నాడు, అందరూ పరుగెత్తుతున్నారు, పింగాణీ సామాను అప్పటికే ఒక డబ్బా పోయింది. ఆ అద్దాన్ని ఈ పిల్ల, అప్పటికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు, ఎవరికీ చెప్పకుండా తానే ఎత్తుకుంది, తన కంటే పొడుగ్గా ఉంది అది, మెట్ల మలుపు దగ్గర ఆగింది, కింద ఆనించింది, వెనక్కి వచ్చి మలుపు ఎంత ఉందో చూసుకుంది, మళ్ళీ ఎత్తుకుంది. కిందనుంచి తాతయ్య, వదిలెయ్ అమ్మా పగులుతుంది, ఎవరికైనా ఇచ్చెయ్ అని కేకలు. పిల్ల ఇవ్వలేదు, పగల్లేదు, తెచ్చి లారీ పక్కన నిలబెట్టి చేతులు చూసుకుంది. ఎర్రగా గాడులు పడ్డాయి, వేళ్ళు వణుకుతున్నాయి. అప్పుడూ వణికాయి. వణకడం వేరు, వదిలెయ్యడం వేరు. బస్తా మీద నుంచి చెయ్యి తీసేశాను. తీసేశాను గానీ నెమ్మది రాలేదు, ఎందుకంటే అద్దం ఎత్తుకోమని దానికి ఎవరూ చెప్పలేదు, ఇది మాత్రం నేను చెప్పాను.

"నత్తా!"

గొళ్ళెం గొంతు. సన్నగా, చీలినట్టు, మైదానమంతా దాటి వచ్చింది. ఉంది. లోపలే ఉంది. దించలేదు. తప్, అని నత్తకు చేరింది. తప్, కుడి పక్కకు. తప్, మళ్ళీ నత్తకే. అటు దారి మూసుకుపోయి ఉంటుంది. పైన మెట్టును తడుతున్న మడమ ఆగింది. అందరూ ఆగారు, నాకు తెలిసిన నిశ్శబ్దమే ఇది, పోయిన ఆదివారానిదే, అవతలి పిల్లలు నలుగురో ఐదుగురో మీదికి వస్తుంటే వందమంది ఒక్కసారి ఊపిరి బిగబట్టే నిశ్శబ్దం. అందులోంచి మరిది, కొట్టెయ్! తల్లులు, కొట్టెయ్ అమ్మా, వదిలెయ్! గొళ్ళెం, ఇటూ ఇటూ! పక్కకు జరిగే ఉంటుంది, చేయెత్తే ఉంటుంది. ఇవ్వు, అన్నాను నేను, పైకే అన్నాను, గోడతో అన్నాను, వెనక్కివ్వు, చూసి ఇవ్వు. తప్ అనే చప్పుడు కోసం నా ఒళ్ళంతా చెవి అయింది. అది రాలేదు. ఏమీ రాలేదు. ఒక మనిషి వాకిట్లో ఆగి, తాళం వేశానా అని ఆలోచించుకునేంతసేపు ఏమీ రాలేదు. ఆ తరువాత ధన్ మని, తలుపు విరిగి పడ్డట్టు, ఆ చప్పుడు.

కొట్టేసింది. మళ్ళీ బస్తా మీద కూర్చున్నాను. సరే, కొట్టేసింది, కొట్టనీ, ఎవరూ నవ్వలేదు, గోల్ పడలేదు, దాని ప్రాణం కుదుటపడింది, అతనన్నదే జరిగింది, వణికే కాళ్ళకు అదే న్యాయం, నేనెవరిని. కానీ ఆ ఆగడం ఏమిటి? భయపడ్డ కాలు ఆగదు. అరుపులకు లొంగే కాలు అరుపుతోపాటే కదులుతుంది, గొళ్ళెం మొదట కొట్టినప్పుడు అరుపుకూ దెబ్బకూ మధ్య సందు లేదు, ఇప్పుడు ఉంది, గది ఉన్నంత సందు ఉంది. అందులో ఆ పిల్ల ఏం చేసింది? నేను లెక్క పూర్తి చేసేలోపు పైకప్పు లేచింది, ఈసారి ఎడమ వైపు, మావాళ్ళ వైపు, మొదట ఒకరిద్దరి కాళ్ళు, ఆ తరువాత అందరివీ, పరుగెత్తు, పరుగెత్తు అని అరుపులు, మిడతా, మిడతా అని మా ముందు వరుస పిల్ల పేరు, ఆ తరువాత మాటలేవీ లేని ఒక పెద్ద మోత, దుమ్ము, సున్నం, మసక అద్దంలోంచి ఇంకొక పెంకు రాలి నా ఒళ్ళో పడింది. సమానం. ఆట సమానం అయింది. నేను రెండు చేతులతో సున్నం బస్తాను పట్టుకుని కూర్చున్నాను. ఆ తరువాత ఏమేం వినిపించాయో నాకు గుర్తు లేదు. మెత్తని చప్పుళ్ళున్నాయి, మొద్దు చప్పుళ్ళున్నాయి, దేన్నీ పోల్చుకోలేదు. ఆట సమానంగానే ఉండగా చివరి విజిల్ మోగింది.

తలుపు మళ్ళీ తట్టకుండానే తెరుచుకుంది. "చూశారా వదినా! కొట్టమన్నాను, కొట్టింది! అలా పోయింది బంతి, వాళ్ళందరి నెత్తిమీంచి, నేరుగా మిడత కాళ్ళ ముందుకి. వెనకాల కాకి కూడా లేదు వాళ్ళకి. మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదే కదా!" అతని కళ్ళు తడిగా ఉన్నాయి, తుడుచుకోవాలన్న జ్ఞాపకం కూడా లేదు.

"దించలేదేం?" అని అడిగాను.

"పిలిచాను. ఎందుకు తాతయ్యా అంది." ప్యాంటు మీది సున్నం దులుపుకున్నాడు. "చెప్పలేకపోయాను."

నత్త అతని వెనకే ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. మోకాళ్ళకు మట్టి, జడ ఊడిపోయింది, ఒక చేతిలో బూట్లు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడి, మామూలుగా నన్ను ఏదైనా లెక్క అడిగేటప్పుడు పెట్టే మొహం పెట్టింది.

"మేడమ్, తాతయ్య చెప్పాడని కొట్టలేదు."

"అదేంటే!" అన్నాడు మరిది.

"ఆగావు కదా," అన్నాను. "వినిపించింది."

అది ఒక్క క్షణం ఆశ్చర్యపడి, ఆ ఆశ్చర్యాన్ని పక్కన పెట్టేసింది. "గొళ్ళెం పక్కకొచ్చి చేయెత్తింది. మీరు చెప్పిన చోటే ఉంది. ఇచ్చేదాన్నే. కానీ వాళ్ళలో ఒకమ్మాయి ఆ దారిలోనే నిలబడుంది, ఇస్తానని ఎదురుచూస్తోంది. మిగతా వాళ్ళందరూ మన వైపే ఉన్నారు. అవతల ఎవరూ లేరు, మిడత ఒక్కతే." ఊపిరి తీసుకుంది. "మీరైతే వెనక్కివ్వమనేవారు."

తప్పించుకోవడానికి చాలా దారులున్నాయి. ఖాళీ చూడమని నేర్పింది నేనే కదా అనవచ్చు, అది నిజం కూడా. కానీ గోడతో నేను అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది.

"అనేదాన్ని," అన్నాను. "ఇవ్వమనే అన్నాను, ఇక్కడ కూర్చుని."

"ఇచ్చుంటే పోయేది."

"పోయేది."

అది తల ఊపింది. సంతోషంతో కాదు, కూడిక సరిచూసుకున్నట్టు. మరిది మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు, ఎవరు గెలిచారో తెలియక, తాను గెలవలేదని మాత్రం మెల్లగా తెలుస్తూ. అప్పుడు ఆ పిల్ల అతని వైపు తిరిగింది.

"తాతయ్యా, ఎల్లుండి నుంచి సాయంత్రాలు మాకు మైదానం కావాలి. యార్డులో కుదరదు. అక్కడ అంత దూరం కనపడదు."

"మైదానం మగపిల్లలది కదమ్మా," అన్నాడు. "కమిటీలో మాట్లాడాలి, అదంతా..."

"ఊ," అంది. బూట్లు గుమ్మం పక్కన పెట్టి, గోడకు ఆనుకుని, అతని మొహంలోకి చూస్తూ జవాబు కోసం నిలబడింది. దానికేమీ తొందర లేదు.